మోకాళ్ల మీద కూర్చుని చూడాల్సిన బడి

ఏ కిండర్‌గార్టెన్‌కైనా వెళ్లినప్పుడు గుమ్మంలో ఒకసారి మోకాళ్ల మీద కూర్చుని లోపలికి చూడండి. నిలబడ్డప్పుడు కనిపించిన గది పోయి ఇంకో గది కనిపిస్తుంది. బల్ల మీదున్న రంగు పెన్సిళ్లు కనబడవు, బల్ల అడుగున సగం ఊడిన స్క్రూ కనబడుతుంది. కిటికీ ఉంటుంది గానీ అందులోంచి ఆకాశం ముక్క తప్ప ఇంకేం కనిపించదు. తలుపు పిడి నుదుటికి తగిలేలా ఉంటుంది. గోడ మీది బొమ్మలన్నీ పెద్దవాళ్ల తల ఎత్తులో ఉంటాయి. టీచర్ ముఖం కంటే ముందు ఆవిడ మోకాళ్లు కనిపిస్తాయి.

మూడేళ్ల పిల్ల ఎత్తు సుమారు 95 సెంటీమీటర్లు, కళ్లు ఇంకో పది సెంటీమీటర్లు కిందికి. రోజంతా ఆ భవనంలో గడిపేది ఈ ఎత్తు వాళ్లే. దాన్ని గీసేవాళ్లు, కట్టించేవాళ్లు, అనుమతి ఇచ్చేవాళ్లు, ఫొటోలు తీసి మెచ్చుకునేవాళ్లు అందరూ 150 దాటినవాళ్లు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

ఇలాంటి భవనం కట్టించేవాళ్లు ఆర్కిటెక్ట్‌ని మామూలుగా రెండు కోరికలు కోరతారు. పిల్లలకు నచ్చేలా ఉండాలి, చుట్టుపక్కల పరిసరాల్లో ఒదిగిపోవాలి. మొదటిది అనగానే ముదురు రంగులు, కార్టూన్ బొమ్మలు గుర్తొస్తాయి. రెండోది అనగానే పక్కిళ్ల పైకప్పు వాలు, పక్కగోడల రంగు. అలా చూస్తే ఇవి రెండూ ఎప్పటికీ పొసగవు. ఒకటి అందరి కంటా పడాలంటుంది, ఇంకోటి ఎవరి కంటా పడొద్దంటుంది. నాకు తెలిసినంతలో ఈ తగువు నిజమైనది కాదు. రెండింటినీ 'బయటి నుంచి చూస్తే ఎలా ఉంటుంది' అనే ప్రశ్నగా మార్చేసుకోవడం వల్ల పుట్టిన తగువు. అసలు తగువులు వేరే ఉన్నాయి. వాటి దగ్గరికి తర్వాత వద్దాం.

ముందు బొమ్మల గోడల సంగతి. అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పరిశోధకులు 2014లో ఒక చిన్న ప్రయోగం ప్రచురించారు. 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకు కొన్ని పాఠాలు గోడల నిండా చార్టులు, బొమ్మలు ఉన్న గదిలో చెప్పారు, కొన్ని దాదాపు ఖాళీ గోడల గదిలో చెప్పారు. బొమ్మల గదిలో పిల్లలు 38.6 శాతం సమయం పాఠం మీద లేరు. ఖాళీ గదిలో ఆ లెక్క 28.4 శాతం. నేర్చుకున్నది కూడా బొమ్మల గదిలోనే తక్కువ. చిన్న ప్రయోగమే, దాన్ని పట్టుకుని గోడలన్నీ తెల్లగా వదిలేయమని ఎవరూ అనరు. కాకపోతే గోడల నిండా బొమ్మలుంటే చాలు పిల్లలకు మంచిదనే నమ్మకం అంత గట్టిది కాదని తేలింది. పిల్లలు తాము గీసినవి తమ కళ్ల ఎత్తులో, వారం వారం మారుతూ ఉంటే వాటిని చూస్తారు. పెయింటర్ ఒకసారి వేసి వెళ్లిన కుందేలును పదిరోజుల తర్వాత ఏ పిల్లా పట్టించుకోదు.

నెదర్లాండ్స్ ఆర్కిటెక్ట్ ఆల్డో వాన్ ఐక్ ఈ విషయం చాలా ముందే గ్రహించాడు. 1947 నుంచి మూడు దశాబ్దాల్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆయన 700 పైచిలుకు ఆటస్థలాలు గీశాడు. వాటిలో ఏనుగులూ జిరాఫీలూ లేవు. ఇసుక గుంట, దాని చుట్టూ వెడల్పాటి గట్టు, గుండ్రటి దిమ్మలు, వంచిన ఇనుప కమ్మీలు, అంతే. ఇనుప కమ్మీ ఇవాళ గుర్రం, రేపు గుహ, ఎల్లుండి బస్సు అవుతుంది. ఏనుగు బొమ్మ మాత్రం ఎప్పటికీ ఏనుగే. న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. జర్మనీలో కార్ల్స్‌రూహే నగరం వోల్ఫార్ట్స్‌వైయర్ పేటలో పిల్లి ఆకారంలో కట్టిన కిండర్‌గార్టెన్ ఒకటుంది. నోట్లోంచి లోపలికి వెళ్లాలి, కళ్లు కిటికీలు, తోక జారుడుబల్ల. ఇంత వాదించాక కూడా ఆ తోక నాకు నచ్చిందని ఒప్పుకుంటాను. ఎందుకంటే తోక వట్టి బొమ్మ కాదు, దాని మీద జారొచ్చు.

కొలతల దగ్గరికొస్తే విషయం సూటిగా ఉంటుంది. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో తన మొదటి బడి తెరిచినప్పుడు పిల్లల సైజు కుర్చీలు, బల్లలు చేయించింది. అవి చిన్నవి మాత్రమే కావు, పిల్లలే మోసుకెళ్లి జరుపుకునేంత తేలికైనవి. ఈ రెండో మాట చాలామందికి గుర్తుండదు. ఇప్పటి యూరప్ ప్రమాణాల ప్రకారం 93 నుంచి 116 సెంటీమీటర్ల ఎత్తు పిల్లలకు కుర్చీ 26 సెంటీమీటర్లు, బల్ల 46 సెంటీమీటర్లు ఉండాలి. కుర్చీ ఒక్కటీ సరిపోతే చాలదు. కుళాయి, చెప్పుల అర, కోటు తగిలించే కొక్కెం, టాయ్‌లెట్ సీటు, తలుపు పిడి, లైటు స్విచ్ ఏవి పిల్ల చేతికి అందితే ఆ పనులకు టీచర్‌ని పిలవక్కర్లేదు. 'టీచర్, నీళ్లు' అనే కేకలు రోజుకు ఎన్ని తగ్గాయన్నది నా లెక్కలో ఆ భవనానికి వేయదగిన మంచి మార్కు.

కిటికీ గట్టు 40 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే అదే కూర్చునే చోటు అవుతుంది, అక్కడినుంచి నేల, చెట్టు మొదలు, వాన నీటి బుడగలు అన్నీ కనిపిస్తాయి. అంత కిందికి దించిన కిటికీకి పగలని గాజు, గట్టిగా బిగించిన అద్దం ఉండాలని వేరే చెప్పక్కర్లేదు. టాయ్‌లెట్ తలుపులు సగం ఎత్తువైతే పిల్లకు చాటు దొరుకుతుంది, టీచర్‌కు పైనుంచి కనిపిస్తుంది. మెట్ల పక్కన పెద్దల రెయిలింగ్‌కి కింద పిల్లల చేతికి ఇంకోటి కావాలి. తలుపుకీ చట్రానికీ మధ్య, బందుల వైపు ఉండే సందు వేళ్లు నలిగే చోటు. దానికి రబ్బరు కవచం వేయడం మర్చిపోయిన అందమైన భవనాలు బోలెడు.

అలాగని అంతా చిన్నగా చేసేయడం కూడా పొరపాటే. రోజంతా 26 సెంటీమీటర్ల కుర్చీలో కూర్చుంటే టీచర్ నడుము ఏమవుతుంది? పెద్దవాళ్లు నిటారుగా కూర్చునే చోటు ప్రతి గదిలో ఒకటన్నా ఉండాలి. పిల్లలకు కూడా ఒకే కొలత విసుగే. ఒకరిద్దరు మాత్రమే దూరగలిగే మూల, పదిమంది చేరి కథ వినే చోటు, తల వెనక్కి వంచి చూడాల్సినంత ఎత్తైన కప్పు ఒకటి, ఇలా తేడాలుండాలి. ఇక విస్తీర్ణానికి దేశానికో లెక్క. ఇంగ్లండ్‌లో మూడేళ్లు దాటిన పిల్లకు లోపల కనీసం 2.3 చదరపు మీటర్లు ఇవ్వాలి, నార్వేలో వాడుకగా పాటించే లెక్క 4. పిల్లల ఒళ్లు మాత్రం రెండు చోట్లా అంతే.

ఇప్పుడు పరిసరాలు. కిండర్‌గార్టెన్ అన్న పేరులోనే తోట ఉంది. ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1840లో జర్మనీలో ఈ పేరు పెట్టినప్పుడు అది వట్టి ఉపమానం కాదు. ఒక్కో పిల్లకు ఒక్కో మడి, చుట్టూ అందరికీ ఉమ్మడి మడులు ఉండాలన్నాడు. అంటే ఈ బడి పుట్టిందే నేలతో కలిసి. తర్వాత తోట చిక్కిపోయి ఆవరణ అయింది, ఆవరణ చాలాచోట్ల రబ్బరు పలకలు పరిచిన చదరం అయింది.

పరిసరాల్లో ఒదగడమంటే పక్కింటి పోలిక తెచ్చుకోవడం కాదు. ఆ స్థలం అప్పటికే కొన్ని పనులు చేస్తూ ఉంటుంది. వాన నీరు ఒక మూలకు జారుతుంది, గాలి ఒక వైపు నుంచి వస్తుంది, ఒక చెట్టు మధ్యాహ్నం ఇంత మేర నీడ పరుస్తుంది, ఒక పక్క నుంచి రోడ్డు రొద వినిపిస్తుంది. కొత్త భవనం ఆ పనులను ఆపుతుందా, వాడుకుంటుందా అన్నది అసలు ప్రశ్న.

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ టోక్యో శివార్లలో తాచికావాలోని ఫుజి కిండర్‌గార్టెన్. అందరూ చెప్తారు కాబట్టి వదిలేద్దామనుకున్నాను గానీ, దాని ఫొటోలు చూసి తప్పుగా అర్థం చేసుకునేవాళ్లే ఎక్కువ. తకహరు తెజుకా, యుయి తెజుకా దంపతులు గీసిన ఈ భవనం 2007లో పూర్తయింది. కోడిగుడ్డు ఆకారంలో ఒకే అంతస్తు, మధ్యలో ఆవరణ. పైకప్పు మొత్తం చెక్క పరిచిన ఆటస్థలం, బయటి చుట్టుకొలత 183 మీటర్లు. మొదలూ చివరా లేని దారి దొరికితే పిల్లలు ఏం చేస్తారో అదే చేస్తారు. తిరుగుతూనే ఉంటారు.

ఫొటోల్లో ఆ వలయం కనిపిస్తుంది. నన్ను ఎక్కువ ఆలోచింపజేసినవి వేరే మూడు. ఒకటి, స్థలంలో అప్పటికే ఉన్న మూడు పెద్ద జెల్కోవా చెట్లను కొట్టలేదు. సుమారు 25 మీటర్ల ఎత్తు చెట్లు. పైకప్పుకు రంధ్రాలు వదిలి వాటిని అలాగే పైకి పోనిచ్చారు, ఆ రంధ్రాల చుట్టూ వల కట్టారు. పిల్లలకు ఆ వల ఊయలైంది. చెట్టును కాపాడాలన్న షరతే ఆటవస్తువును ఇచ్చింది. రెండు, గదుల కప్పు ఎత్తు 2.1 మీటర్లే. పెద్దవాళ్లకు ఇరుకనిపించే ఈ ఎత్తు వల్ల పైన పరుగెత్తే పిల్లలకూ ఆవరణలో ఉన్నవాళ్లకూ మాటలు కలుస్తాయి, భవనం కూడా చుట్టుపక్కల ఇళ్ల మీద పెత్తనం చేయదు. పిల్లలకు అనువైనదీ వీధికి అనువైనదీ ఒకే కొలత అయింది. మూడు, పైకప్పు అంచు రెయిలింగ్. నిలువు కమ్మీల మధ్య కాళ్లు దూరతాయి, తల దూరదు. పిల్లలు అక్కడ వరసగా కూర్చుని కాళ్లు కిందికి వేలాడేసి ఆవరణలో జరిగేది చూస్తుంటారు. రెయిలింగ్‌ను గోడలా కట్టి ఉంటే భద్రత అంతే ఉండేది, ఈ కూర్చోవడం మాత్రం ఉండేది కాదు.

చెట్ల గురించి ఒక మాట. కప్పుకు రంధ్రం వదలడం తేలికైన భాగం. వేళ్లు కొమ్మలంత దూరం, ఒక్కోసారి అంతకన్నా దూరం పరుచుకుని ఉంటాయి, పీల్చే వేళ్లు ఎక్కువగా పై పొరల్లోనే ఉంటాయి. పునాదికి కందకం తవ్వినా, లారీలు తిరిగి మట్టి గట్టిపడినా చెట్టు వెంటనే చావదు. భవనం ప్రారంభమై ఫొటోలు తీసుకున్న రెండు మూడేళ్లకు ఎండిపోవడం మొదలుపెడుతుంది. అప్పటికి కాంట్రాక్టర్ బిల్లు కూడా తీసుకుని వెళ్లిపోయి ఉంటాడు.

ఇక అసలు తగువులన్నాను కదా, వాటిలో మొదటిది శబ్దం. ఫుజిలో తరగతులకు మధ్య గోడలు లేవు, ఏడాదిలో ఎక్కువ కాలం అద్దాల తలుపులు తెరిచే ఉంటాయి. కొంత రొద పిల్లలకు అవసరమేనని, నిశ్శబ్దపు పెట్టెలో పెడితేనే కొందరికి బెరుకని తకహరు తెజుకా వాదిస్తాడు. ధ్వని శాస్త్రం తెలిసినవాళ్లు దీనికి అడ్డం చెప్తారు. రొదలోంచి మాటను విడదీసి వినే శక్తి పెద్దలకున్నంత చిన్నపిల్లలకు ఉండదు. మనకు ఒక పదం సగం వినబడితే మిగతాది ఊహించుకుంటాం, నాలుగేళ్ల పిల్లకు ఆ పదమే ఇంకా కొత్త. బడి భాష, ఇంటి భాష వేరైన పిల్లలకు ఇంకా కష్టం. అందుకే ఇంగ్లండ్ నిబంధనలు నర్సరీ గదుల్లో మాట ప్రతిధ్వని 0.6 సెకన్లలోపు అణగాలంటాయి.

నాకు ఇద్దరి మాటలోనూ నిజం కనిపిస్తుంది, ఎందుకంటే ఇద్దరూ ఒకే శబ్దం గురించి మాట్లాడటం లేదు. ఆవరణ వైపు పూర్తిగా తెరిచిన గదిలో శబ్దం బయటికి పోతుంది, తిరిగి రాదు. నాలుగు గోడలు, గచ్చు నేల, సిమెంటు కప్పు ఉన్న మూసిన గదిలో అదే కేక గోడ నుంచి గోడకు కొట్టుకుంటూ పెరుగుతుంది. దాన్ని మించి అరవాలని పక్కవాడు ఇంకా గట్టిగా అరుస్తాడు. మధ్యాహ్నానికి టీచర్ గొంతు పోతుంది. కాబట్టి ఫుజి చూసి గోడలు తీసేసి, దుమ్ముకో ఎండకో తలుపులు మూసేసి, ఏసీ పెట్టుకుంటే రెండు విధాలా చెడినట్టే. మూయక తప్పని చోట కప్పుకు శబ్దాన్ని పీల్చే పలకలు, కింద చెక్క నేల, ఒక గోడ నిండా పుస్తకాల అరలు కావాలి. కప్పు పలకల ఖర్చు ఆఖరు నిమిషంలో కోసేసే జాబితాలో ఎప్పుడూ మొదట ఉంటుంది. ఫొటోల్లో శబ్దం కనిపించదు కదా!

ఎండ, గాలి విషయంలో ఇంత వాదం లేదు. వియత్నాంలోని బియెన్ హోవాలో ఒక బూట్ల ఫ్యాక్టరీ పక్కన, అక్కడి కార్మికుల పిల్లలు 500 మంది కోసం వో చోంగ్ ఙియా అనే ఆర్కిటెక్ట్ సంస్థ గీసిన కిండర్‌గార్టెన్ 2013లో పూర్తయింది. ఒకే గీతతో గీసిన మూడు వలయాల్లా ఉంటుంది, పైకప్పు మొత్తం పచ్చిక, ఒక భాగంలో కూరగాయల మడులు. ఆ కప్పు రెండు చోట్ల నేలదాకా వాలుతుంది, పిల్లలు నడుచుకుంటూ పైకి ఎక్కేస్తారు. భవనం సన్నటి పట్టీలా ఉండి రెండు వైపులా కిటికీలు తెరుచుకోవడంతో గాలి అడ్డంగా దూసుకుపోతుంది. ఉష్ణదేశమైనా తరగతుల్లో ఏసీ అవసరం లేకుండా గీశారు. ఫ్యాక్టరీ వాడేసిన నీటిని శుద్ధి చేసి మొక్కలకూ టాయ్‌లెట్లకూ వాడారు. ఫ్యాక్టరీ పక్కన అందమైన పరిసరాలేం ఉంటాయి? అయినా ఇచ్చిపుచ్చుకోవడానికి అక్కడా ఏదో ఒకటి దొరికింది. పరిసరాలతో కలిసిపోవడమంటే కొండలూ వాగులూ ఉంటేనే సాధ్యమనుకునేవాళ్లు ఈ భవనం చూడాలి.

లోపలికీ బయటికీ మధ్యనున్న జాగాను గీసేటప్పుడు చాలామంది కారిడార్‌గా లెక్కేస్తారు. అసలు పని జరిగేది అక్కడే. పొద్దున్నే అమ్మ చెయ్యి వదలని పిల్లను తలుపు దగ్గర లాక్కుని లోపలికి తీసుకెళ్తే ఏడుపు గ్యారంటీ. గది ముందు లోతైన చూరు, కూర్చునే గట్టు, లోపల ఏం జరుగుతోందో కనిపించే తక్కువ ఎత్తు కిటికీ ఉంటే, పిల్ల కాసేపు అటూ ఇటూ కాకుండా నిలబడి చూసి, తనంతట తాను లోపలికి వెళ్లే వీలుంటుంది. అదే చూరు మధ్యాహ్నపు ఎండను ఆపుతుంది, వానలో కూడా బయట ఆడుకోనిస్తుంది, బురద బూట్లు విప్పే చోటు అవుతుంది. మూడు మీటర్ల వెడల్పు వరండాకు పెట్టిన ఖర్చు ఇంకే గదికి పెట్టినా ఇన్ని పనులకు రాదు.

రెండో నిజమైన తగువు భద్రతది. నార్వే పరిశోధకురాలు ఎలెన్ సాండ్‌సెటర్ పిల్లలు కోరి వెతుక్కునే 'రిస్కు' ఆటలను 2007లో ఆరు రకాలుగా విడదీసింది. ఎత్తులు, వేగం, పదునైన పనిముట్లు, నిప్పూ నీళ్ల లాంటివి, కుస్తీలు, తప్పిపోయేంత దూరం పోవడం. రిస్కు వేరు, ప్రమాదం వేరు అన్నది గీసేవాళ్లు ముందు ఒంటబట్టించుకోవాలి. ఎక్కుతున్న కొమ్మ ఎంత ఎత్తో పిల్లకు కనిపిస్తుంది, భయమేసి ఆగుతుంది. అది రిస్కు. కుళ్లిన కమ్మీ, మూత సరిగ్గా లేని సంపు, తల ఇరుక్కునే సందు, ఆవరణలో నాటిన గన్నేరు చెట్టు, ఇవి పిల్లకు కనిపించవు. ఇవి ప్రమాదాలు. మనం చేసేది తరచూ దీనికి తలకిందులు. కొమ్మ కొట్టేస్తాం, గన్నేరు అందంగా ఉందని నాటుతాం. దాని ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే.

మట్టి గురించి కూడా ఇదే గందరగోళం. శుభ్రంగా ఉంటుందని ఆవరణ నిండా రబ్బరు, కంకర పరుస్తారు. ఫిన్లాండ్ పరిశోధకులు 3 నుంచి 5 ఏళ్ల మధ్య 75 మంది పిల్లలతో చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. కొన్ని డేకేర్ ఆవరణల్లో అడవి నేల పొరలు, పచ్చిక తెచ్చి పరిచారు, పిల్లలు రోజూ వాటిలో ఆడారు. 28 రోజుల్లోనే వాళ్ల చర్మం మీది సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగింది, రక్తంలో రోగనిరోధక శక్తిని అదుపులో ఉంచే సూచికలు మెరుగుపడ్డాయి. నెలరోజుల ఫలితం జీవితాంతం ఉంటుందని దీన్నిబట్టి చెప్పలేం. కానీ ఆవరణలో కొంత మేర ఉత్త మట్టి వదిలేయడానికి అదనంగా ఖర్చయ్యేదేమీ లేదు, ఉతుక్కునే బట్టలు తప్ప.

మిగిలింది ప్రహరీ. పిల్లలు రోడ్డు మీదికి పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు, పక్కిళ్లవాళ్లకు గోల ఎక్కువ కాకూడదు. మూడూ న్యాయమైనవే. ఈ మూడింటికీ కలిపి రెండు మీటర్ల గుడ్డి గోడ కట్టేస్తే, భవనం లోపల ఎంత సున్నితంగా గీసినా, వీధికి అది జైలు గోడ. ఆటస్థలాన్ని ఇళ్ల పడకగదుల వైపు కాకుండా రోడ్డు రొద ఎలాగూ ఉండే వైపు పెట్టడం, భవనాన్నే ఒక పక్క ప్రహరీగా వాడుకోవడం, గోడ బదులు కంచె, దాని వెంట దట్టంగా పొదలు, ఇలాంటి దారులున్నాయి. అయినా కొంత గోడ తప్పదు.

ఆ గోడలో నేలకు 70, 80 సెంటీమీటర్ల ఎత్తున అక్కడక్కడా గుండ్రటి కంతలు వదిలి, లోపలి వైపు కమ్మీలు బిగిస్తే చాలు. చెత్త బండి వచ్చే వేళకు పిల్లలు ఒక్కో కంతకు ఇద్దరు చొప్పున చేరిపోతారు. డ్రైవర్‌కు చేతులు ఊపుతారు. రెండో వారానికి అతను కూడా అక్కడ బండి నెమ్మది చేస్తాడు.